చందమామకు 615 కోట్లు, మా కొండకు కుళాయి ఏదీ?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అంతరిక్షం ఖర్చు మీదే. ఒకే మాట అడిగిన ఉత్తరాలను ఒకటిగా కలిపాం. పేర్లు వేయడం లేదు.

*ప్రశ్న: చంద్రయాన్-3కి 615 కోట్లు పెట్టారు. మా ఊరు కొండ మీద ఉంది. ఆడవాళ్లు ఇప్పటికీ ఊట దగ్గర బిందెలు వరసపెట్టుకుని కూర్చుంటారు. ముందు నీళ్లు, తర్వాత చందమామ అంటే తప్పా?*
— డిగ్రీ విద్యార్థిని, పర్లాకిమిడి దగ్గర

అడగడంలో తప్పేమీ లేదు. అయితే ఆ 615 కోట్లు మీ కుళాయికి రావలసినవా, కాదా అన్నది లెక్కలో చూడాలి.

2024-25 కేంద్ర బడ్జెట్ 48.20 లక్షల కోట్లు. అందులో అంతరిక్ష శాఖ వాటా 13,042 కోట్లు, అంటే వంద రూపాయల్లో 27 పైసలు. రాకెట్లు, ఉపగ్రహాలు, శ్రీహరికోట, జీతాలు అన్నీ అందులోనే. అదే వందలో ఆహార సబ్సిడీకి నాలుగుంపావు, ఉపాధి హామీకి 1 రూపాయి 78 పైసలు పోతాయి. పాత అప్పుల వడ్డీకే 24 రూపాయలు పోతాయి.

ఇక్కడితో ఆపేసి "ఇంత చిన్న మొత్తానికి గోలెందుకు" అనేవాళ్లున్నారు. ఆ మాట మాకు మింగుడుపడదు. 13 వేల కోట్లను దేశంలోని జిల్లాలన్నిటికీ సమానంగా పంచితే తలా 16 కోట్లు దాటి వస్తుంది. కొండ రోడ్డు కిలోమీటరుకు కోటి అనుకున్నా మీ గజపతి జిల్లాకు ఏటా 16 కిలోమీటర్లు పడుతుంది. అది చిన్న విషయం కాదు.

కానీ మీ కుళాయి ఆగింది అక్కడ కాదు. అదే ఏడాది జల్ జీవన్ మిషన్‌కు బడ్జెట్‌లో 70,163 కోట్లు చూపించారు. ఏడాది చివర సవరించిన అంచనాల్లో అది 22,694 కోట్లకు దిగింది. తగ్గిన సొమ్ము 47 వేల కోట్ల పైమాట, అంటే అంతరిక్ష శాఖ ఏడాది కేటాయింపుకు మూడున్నర రెట్లు. ఆ డబ్బు చంద్రుడి మీదికి పోలేదు. నీళ్ల పేరున రాసి, నీళ్లకే ఖర్చు పెట్టలేదు.

కొండ ఊళ్లలో పథకం చెడిపోవడానికి మరో కారణం ఉంది, అది డబ్బుది కాదు. ఊట నీటిని గొట్టంతో కిందికి దించే పథకానికి కరెంటు అక్కర్లేదు, మోటారు కాలిపోదు. మన కొండలకు సరిపోయేది అదే. కానీ ఊట ధారను వానలు వెలిసిన అక్టోబరులో కొలిచి అంచనా రాసుకుంటే మేలో ట్యాంకు ఎండుతుంది. కాబట్టి కొలత మేలో తీయాలి, అదీ మీరే తీయొచ్చు. ఊట నీరంతా ఒక్క గొట్టంలోంచి పడేలా మట్టితో కట్ట వేయండి. 20 లీటర్ల బకెట్ పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో మూడుసార్లు చూసి సగటు రాయండి. 100 సెకన్లు పట్టిందంటే నిమిషానికి 12 లీటర్లు, రోజుకు 17,280 లీటర్లు. మనిషికి రోజుకు 55 లీటర్లన్న పథకం లెక్కన అది 314 మందికి సరిపోతుంది. రాత్రి పారే నీరు వృథా పోకుండా నిలవచేసే ట్యాంకు ఉంటేనే సుమా. అది లేకపోతే ఈ లెక్కలో సగం కూడా చేతికి రాదు.

ఈ కాగితాన్ని తేదీతో సహా పల్లీసభలో, అంటే మీ ఊరి సభలో పెట్టండి. ఇంజినీరుగారి అంచనాలో ఉన్న అంకె పక్కన మీ మే నెల అంకె ఉంటే మాట తేలిగ్గా కొట్టేయలేరు.

*ప్రశ్న: మా అన్న ఫోనుకు "చేపలుండే చోటు" అని మెసేజ్ వస్తుంది. రెండుసార్లు డీజిల్ తగలేసి పోయొచ్చారు, వల ఖాళీ. ఉపగ్రహానికి నిజంగా చేపలు కనిపిస్తాయా?*
— వేట కుటుంబం అమ్మాయి, గోపాలపూర్ దగ్గర

కనిపించవమ్మా. దానికి కనిపించేవి రెండే: సముద్రం పైపొర వేడి, నీటి రంగు. చల్లనీరూ వేడినీరూ ఒరుసుకునే అంచున అడుగునుంచి లవణాలు పైకొస్తాయి. వాటితో కంటికి ఆనని పచ్చజీవులు పెరిగి నీటి రంగు మారుతుంది. వాటిని మేయడానికి కవళ్లు, కానాగంతలు చేరతాయి, వాటిని తరుముకుంటూ వంజరం వస్తుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఆ అంచులను గీసి, రేవుల వారీగా ఉచితంగా పంపుతుంది. అందులో మీ రేవు నుంచి ఏ దిక్కు, ఎన్ని డిగ్రీలు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు, అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. ఒడియాలోనే కాక తెలుగులోనూ దొరుకుతుంది.

మీ అన్న వల ఖాళీగా రావడానికి ఎక్కువగా కారణమయ్యేది జీపీఎస్‌లో అంకెలు కొట్టే తీరు. మెసేజ్‌లో 19 డిగ్రీల 15 నిమిషాల 30 సెకన్లు అని వస్తుంది. పెట్టె దశాంశాల్లో అడిగే రకమైతే చాలామంది దాన్ని 19.1530 అని కొట్టేస్తారు. సరైన అంకె 19.2583. ఎలాగంటే, 30 సెకన్లు అరనిమిషం కనుక 15.5ని 60తో భాగించి 19కి కలపాలి. తప్పు అంకెతో బోటు దాదాపు 12 కిలోమీటర్లు దక్షిణానికి పోతుంది. అక్కడ ఆ అంచు ఉండదు, చేపా ఉండదు. మెషీన్ సెట్టింగులో డిగ్రీ-నిమిషం-సెకను పద్ధతి పెట్టుకుంటే ఈ బాధే లేదు. దూరం సంగతీ అంతే. మెసేజ్‌లో కిలోమీటర్లుంటాయి, చాలా జీపీఎస్‌లు నాటికల్ మైళ్లు చూపిస్తాయి. 40 కిలోమీటర్లంటే ఇంచుమించు 21.6 మైళ్లు.

ఆ అంచు ప్రవాహంతో కదులుతుంది, కాబట్టి నిన్నటి మెసేజ్ పట్టుకుని ఈవేళ పోవద్దు. వేడిని కొలిచే పరికరం మబ్బును దాటి చూడలేదు, అందుకే మబ్బు పట్టిన రోజుల్లో మీ రేవుకు మెసేజే రాకపోవచ్చు. రొయ్యలకూ అడుగు చేపలకూ ఈ సమాచారం పనికిరాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కనుక అప్పుడు ఎదురుచూడక్కర్లేదు.

*ప్రశ్న: ఫైలిన్ తుపానులో ఉపగ్రహాలు లక్షలమందిని కాపాడాయి అంటారు. మరి తిత్లీలో మా కొండల్ని ఎందుకు కాపాడలేదు?*
— ఉపాధ్యాయుడు, గజపతి జిల్లా

ఉపగ్రహం ఎవర్నీ కాపాడదు, కబురు చెబుతుంది. 1999 అక్టోబరు 29 నాటి మహా తుపానుకూ ఉపగ్రహ చిత్రాలున్నాయి, తుపాను వస్తోందని తెలుసు. అయినా దాదాపు పదివేల మంది పోయారు. మనుషులను తరలించే ఏర్పాటు లేదు, తలదాచుకునే గట్టి భవనాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఆ తర్వాత ఒడిశా విపత్తు సంస్థ పెట్టింది, తీరం వెంట షెల్టర్లు కట్టింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటేసరికి సుమారు పది లక్షల మందిని ఖాళీ చేయించారు. చావులు పదుల్లో ఆగాయి. ఆకాశంలో కన్నూ, నేల మీద గోడా రెండూ ఉండబట్టే అది జరిగింది. ఇందులో కంటి ఖరీదు ఎంతంటే, 2024 ఫిబ్రవరి 17న పంపిన వాతావరణ ఉపగ్రహం ఇన్సాట్-3డీఎస్‌కు సుమారు 480 కోట్లయింది. అదీ అంతరిక్ష శాఖ పెట్టలేదు, భూవిజ్ఞాన శాఖ భరించింది.

2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఒడిశాలో పోయినవారిలో ఎక్కువమంది గజపతి కొండల వాళ్లే. బరఘర దగ్గర వానకు తలదాచుకున్నవాళ్ల మీద కొండచరియ విరిగిపడింది. తీరంలో ఉన్న ఏర్పాటు కొండలో లేదు. పైగా ఉపగ్రహం మేఘం నెత్తిని చూస్తుంది కాని ఏ వాగు మీద ఎన్ని మిల్లీమీటర్లు పడిందో చెప్పలేదు. 24 గంటల ముందు చెప్పే తుపాను దారిలో కూడా సగటున 70-80 కిలోమీటర్ల తేడా వస్తుంది. గోపాలపూర్‌కూ పలాసకూ మధ్య దూరం ఇంచుమించు అంతే. అందుకే మ్యాపులో గీత పక్కకు పోయిందని ధీమా పడకూడదు.

మీరు బడిలో ఉన్నారు కనుక ఒక పని చెబుతాం. వానకొలత డబ్బా పెట్టించండి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా మెడ కోసి, ఆ మెడనే తలకిందులుగా గరాటాలా అమర్చండి. సీసా అడుగు గుంటలుగా ఉంటుంది కనుక గులకరాళ్లు వేసి, పక్కలు నిటారుగా మొదలయ్యే చోటి దాకా నీళ్లు పోసి అక్కడ సున్నా గీయండి. దానిపైన స్కేలు అంటించండి. చెట్టుకో గోడకో దాని ఎత్తుకు రెండింతల దూరంలో, ఆరుబయట పెట్టాలి. రోజూ ఉదయం 8:30కి చూసి రాసి, నీటిని మళ్లీ సున్నాకు తేవాలి. వాతావరణ శాఖ కొలిచేదీ ఆ వేళకే. రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వాన, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. తడిసిన కొండ మీద రెండో అంకె వచ్చిందంటే మూడోదాని కోసం ఆగవద్దు. మట్టిలో కొత్త పగుళ్లు, వాలిన చెట్లు, ఉన్నట్టుండి బురదెక్కిన వాగు కనిపిస్తే వెంటనే కదలాలి. వాగు హఠాత్తుగా ఆగిపోతే మరీ ప్రమాదం, పైన ఎక్కడో అడ్డం పడిందన్నమాట. బండల కిందా, గుహల్లోనూ, వాగు నోటి దగ్గరా తలదాచుకోకూడదు.

*ప్రశ్న: అంతరిక్ష పరిశోధన లేకపోతే నాన్‌స్టిక్ పెనాల టెఫ్లాన్ కూడా ఉండేది కాదట కదా?*
— గృహిణి, బరంపురం

టెఫ్లాన్ 1938లో దొరికింది, మొదటి ఉపగ్రహం 1957లో ఎగిరింది. మీకు ఆ మాట చెప్పినవాళ్లకు అంతకంటే మంచి కారణం దొరకలేదేమో.

*ప్రశ్న: మా పక్క ఊరి సవరల పోడు భూమి దరఖాస్తును "ఉపగ్రహ ఫొటోలో సాగు కనపడలేదు" అని తిప్పి పంపారు. పేదవాడి మీదికేనా ఈ ఉపగ్రహం?*
— చిన్న రైతు, గుణుపూర్ దగ్గర

ఈ ఉత్తరం మమ్మల్ని ఎక్కువసేపు ఆపింది. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కి ముందు నుంచి భూమి స్వాధీనంలో ఉండాలి. ఆ నాటి ఫొటో తెచ్చి చూడటం దాకా సబబే. కానీ ఆ ఫొటోలో ఏం కనపడుతుందో, ఏం కనపడదో తెలియాలి.

2003లో ఎగిరిన రిసోర్స్‌శాట్-1లోని ఒక కెమెరాకు ఒక చుక్క అంటే నేల మీద 23.5 మీటర్ల చదరం, దాదాపు 14 సెంట్లు. ఎకరం పోడు మొత్తం ఏడు చుక్కలు. అంచు చుక్కల్లో సగం చెట్టు, సగం చేను కలిసిపోతాయి కనుక గట్టిగా చూడదగ్గవి రెండో మూడో మిగులుతాయి. డిసెంబరు నాటికి సామలు, రాగులు కోసేసి ఉంటారు, చేను బోడిగా ఉంటుంది. పైగా పోడును కొన్నేళ్లు బీడు వదులుతారు, ఆ ఏడాది వదిలిన చెక్కైతే పొదలే కనపడతాయి. ఇంకొకటి, ఈ ఉపగ్రహాలు మనమీద ఉదయం పదిన్నర ప్రాంతంలో పోతాయి. చలికాలం ఆ వేళ సూర్యుడు ఆగ్నేయాన వాలి ఉంటాడు కనుక వాయవ్యం వైపు వాలు నీడలో పడి నల్లగా వస్తుంది. అక్కడ అడవి ఉందో చేనుందో ఫొటో చూసి చెప్పలేం.

2012లో సవరించిన నిబంధనల్లోనే ఉంది: ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడుగా మాత్రమే, వాటి బదులుగా కాదు. కాబట్టి ఫొటో ఒక్కటే కారణంగా తిప్పి పంపితే ఆ కాగితం మీదే గట్టిగా నిలబడవచ్చు. తిరస్కరణ రాతపూర్వకంగా, కారణంతో ఇవ్వాలి. ఆ నిర్ణయం జరిగిన తేదీ నుంచి 60 రోజుల్లో పై కమిటీకి అర్జీ పెట్టుకోవాలి. గ్రామసభ తోసిపుచ్చితే సబ్-డివిజన్ కమిటీకి, అది తోసిపుచ్చితే జిల్లా కమిటీకి. అర్జీలో నాలుగు విషయాలు అడగండి: ఏ ఉపగ్రహం ఫొటో, ఏ తేదీది, చుక్క ఎంత సైజు, నేల మీదికి వచ్చి సరిచూసింది ఎవరు. మీవైపు కనీసం రెండు రకాల సాక్ష్యం ఉండాలి. ఊరి పెద్దల మాటను రాసి సంతకాలు తీసుకుంటే అదొకటి. పాత రాతి గట్లు, బావి, సమాధులు, నాటిన పనస, చింత చెట్ల లాంటి గుర్తులు రెండోది. హద్దుల చుట్టూ నడిచి ఫోనులో జీపీఎస్ చుక్కలు పెట్టండి, ఆకుల నీడన కాకుండా తెరిపిలో నిలబడి.

*ప్రశ్న: వాతావరణ ఉపగ్రహాలంటే సరే. మనుషుల్ని పంపే గగన్‌యాన్‌కు అంత డబ్బెందుకు?*
— రిటైర్డ్ ఉద్యోగి, బరంపురం

2024 సెప్టెంబరులో కేబినెట్ పెంచిన లెక్క ప్రకారం గగన్‌యాన్ కార్యక్రమానికి మొత్తం 20,193 కోట్లు. మంగళ్‌యాన్ 450 కోట్లతో అయిపోయింది కదా అనిపిస్తుంది. యంత్రానికి ఊపిరి అక్కర్లేదు, వెనక్కి రానక్కర్లేదు. మనిషికి ప్రాణవాయువు ఇవ్వాలి, వదిలిన బొగ్గుపులుసు గాలిని పీల్చి తీసేయాలి, రాకెట్ చెడితే క్షణాల్లో విడదీసి లాగేసే మరో చిన్న రాకెట్ ఉండాలి, తిరుగుదారిలో మంటను తట్టుకోవాలి. వీటిలో ప్రతిదాన్నీ మళ్లీ మళ్లీ పరీక్షించాలి. ఖర్చంతా అక్కడే.

మా అభిప్రాయం అడిగితే, తుపాను హెచ్చరికల పుణ్యాన్ని చూపించి గగన్‌యాన్‌ను సమర్థించడం పద్దుల గారడీ. దాని మంచిచెడ్డలు దానివే, పార్లమెంటులో విడిగా తేల్చాలి. ఈలోగా మనకు నేరుగా పనికొచ్చేవే దెబ్బ తింటున్నాయి. 2025 జనవరి 29న పంపిన నావిక్ (జీపీఎస్ లాంటి మన సొంత దారిచూపే వ్యవస్థ) ఉపగ్రహం ఎన్‌వీఎస్-02లో ఇంజిన్‌కు ఆక్సిడైజర్ అందించే వాల్వులు తెరుచుకోలేదు, అది చేరాల్సిన కక్ష్యకు చేరలేదు. మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 రాకెట్ మూడో దశలో విఫలమైంది. దాంతో పోయింది ఈవోఎస్-09 రాడార్ ఉపగ్రహం. రాడార్ మబ్బును దాటి చూస్తుంది. వంశధార పొంగినప్పుడు ఏ ఊళ్లు మునిగాయో మబ్బుల్లోంచి చూపగలిగేది అలాంటిదే. ముందు ఇవి సరిగ్గా ఎగరాలి, మనిషి తర్వాత ఎగరొచ్చు.

*ప్రశ్న: నీళ్ల డబ్బు ఖర్చు కాలేదని మీరంటారు. మా ఊరి డబ్బు ఎక్కడ ఆగిందో తెలిసేదెలా?*
— యువజన సంఘం సభ్యుడు, రాయగడ జిల్లా

సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మనవాళ్లు మొదట చేసే పొరపాటు తెలుగులో రాయడం. చట్టం ప్రకారం ఇంగ్లిష్, హిందీ, లేదా ఆ ప్రాంత అధికార భాష చెల్లుతాయి. ఒడిశాలో అది ఒడియా. ఒడియా రాసే కుర్రాణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఒడిశాలో ఫారం-ఎ మీద రాయాలి, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. పంపాల్సింది గ్రామీణ నీటి సరఫరా డివిజన్ సమాచార అధికారికి.

"మాకు నీళ్లెందుకు రాలేదు" అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే అది కాగితం కాదు. కాగితాలు అడగండి: మీ ఊరి పథకం అంచనా ప్రతి, వర్క్ ఆర్డర్, ఎం.బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, పూర్తయినట్టు ఇచ్చిన ధ్రువపత్రం, ఇంతవరకు చెల్లించిన బిల్లులు. ఎం.బుక్‌లో గొట్టం ఎన్ని మీటర్లు వేశారో, ఎంత లావుదో రాసి ఉంటుంది. టేపు పట్టుకుని ఊట నుంచి ట్యాంకు దాకా మీరే కొలవండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. దరఖాస్తు ఇచ్చిన రోజున మీ ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోవడం మరిచిపోవద్దు. అది లేకపోతే ఆ 30 రోజులు ఎప్పుడు మొదలయ్యాయో మీరు చూపించలేరు.